ఇరవైసార్లు ఇచ్చి, ఒకసారి వెనక్కి తీసుకున్న పతకం

1989 సెప్టెంబర్ 21న మాస్కోలో ఒక ఉత్తర్వు వెలువడింది. అప్పటికి చనిపోయి దాదాపు ఏడేళ్లయిన సోవియట్ నాయకుడు లియొనిద్ బ్రెజ్నెవ్‌కు ఇచ్చిన 'ఆర్డర్ ఆఫ్ విక్టరీ'ని రద్దు చేస్తున్నామని అందులో ఉంది. ఆ పతకం నిబంధనలకు ఆయనకివ్వడం విరుద్ధమన్నదే కారణం. దేశాన్ని పద్దెనిమిదేళ్లు ఏలిన మనిషి నుంచి, చనిపోయాక, ఒక పతకాన్ని వెనక్కి తీసుకోవడం చిన్న విషయం కాదు. ఎందుకలా చేశారో తెలియాలంటే 1943కి వెళ్లాలి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయింది. వేసవిలో కూర్స్క్ దగ్గర వెనక్కి తగ్గింది. యుద్ధం గెలుస్తామన్న నమ్మకం సోవియట్ నాయకత్వానికి అప్పుడే గట్టిగా కుదిరింది. గెలిపిస్తున్న సేనాధిపతులకు అన్నిటికంటే పెద్ద పతకం ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ వేసవిలోనే మొదలైంది. మొదట అనుకున్న పేరు 'మాతృభూమి పట్ల విధేయతకు'. స్టాలిన్ దాన్ని 'విజయం' అని మార్చారు. చిత్రకారుడు అలెగ్జాండర్ కుజ్నెత్సోవ్ గీసిన తొలి నమూనాలో లెనిన్, స్టాలిన్ ముఖాలున్నాయి. వాటిని తీసేసి, మధ్యలో క్రెమ్లిన్ స్పాస్కయా గోపురం పెట్టమన్నారు. నవంబర్ 8న పతకాన్ని ప్రకటించారు.

ఎవరికివ్వాలన్న నిబంధన చాలా సూటిగా ఉంది. ఒకటి లేదా అంతకంటే ఎక్కువ 'ఫ్రంట్'ల స్థాయిలో దాడి నడిపించి, దానివల్ల యుద్ధ పరిస్థితి ఎర్రసైన్యం వైపు సమూలంగా తిరిగితే, ఆ నడిపించిన అత్యున్నత సేనాధిపతికే ఇవ్వాలి. ఫ్రంట్ అంటే కొన్ని సైన్యాలు కలిసిన సమూహం, లక్షల మంది సైనికులు. సొంత ధైర్యసాహసాలకు ఇచ్చే 'సోవియట్ యూనియన్ వీరుడు' బిరుదు వేరు. 1984లో అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన, హైదరాబాద్‌లో చదువుకున్న మన రాకేశ్ శర్మకు ఇచ్చింది అదే. ఆ బిరుదు 12,000 మందికి పైగా అందుకున్నారు. విక్టరీ పతకం అందుకున్నవాళ్లు 17 మంది. ముగ్గురికి రెండేసిసార్లు దక్కింది కాబట్టి మొత్తం 20.

పతకాన్ని దగ్గరగా చూస్తే ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది. ఐదు కోణాల నక్షత్రం, ఎదురెదురు కొనల మధ్య 72 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో నిండుగా పడుతుంది. ప్లాటినం 47 గ్రాములు. కొనల వెంట వజ్రాలు, 16 కేరెట్లు. నక్షత్రం ఐదు చేతులూ ఎర్ర కెంపులు. మధ్యలో నీలి ఎనామిల్ మీద క్రెమ్లిన్ గోడ, లెనిన్ సమాధి, స్పాస్కయా గోపురం, కింద ఎర్ర పట్టీ మీద 'విజయం' అన్న మాట. తయారీ పని నాణేల ముద్రణాలయానికి కాకుండా మాస్కోలోని నగల, గడియారాల ఫ్యాక్టరీకి అప్పగించారు. అక్కడ వచ్చిన చిక్కు కెంపులతోనే. సహజమైన కెంపుల్లో ఐదింటికీ ఒకే ఎరుపు కుదరలేదు. చివరికి కృత్రిమ కెంపులు వాడారు. రాళ్ల విలువ కాస్త తగ్గినా ఐదు చేతులూ ఒకేలా వెలగడం ముఖ్యమనుకున్న ఆ పనివాళ్లంటే నాకు గౌరవం.

1944 ఏప్రిల్ 10న తొలి పతకం మార్షల్ జూకోవ్‌కు, రెండోది వసిలేవ్‌స్కీకి ఇచ్చారు. ఆ జూలైలో స్టాలిన్‌కు. 1945లో కోనెవ్, రొకొసోవ్‌స్కీ, మలినోవ్‌స్కీ, తోల్బూఖిన్, గోవొరొవ్, తిమొషెంకో, సైనిక ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు రాసిన అంతోనొవ్, జపాన్‌తో యుద్ధంలో పోరాడిన మెరెత్స్‌కొవ్. సోవియట్ గ్రహీతల్లో మార్షల్ హోదా లేనివాడు అంతోనొవ్ ఒక్కడే.

ఈ జాబితా చదువుతుంటే రెండు పేర్ల దగ్గర మనసు ఆగిపోతుంది. రొకొసోవ్‌స్కీని 1937లో సొంత ప్రభుత్వమే అరెస్టు చేసింది. దెబ్బలకు పళ్లు ఊడిపోయాయి. 1940 దాకా జైల్లోనే ఉన్నాడు. మెరెత్స్‌కొవ్‌ను జర్మనీ దాడి మొదలైన మర్నాడు, 1941 జూన్ 23న పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. సెప్టెంబర్‌లో వదిలి యుద్ధానికి పంపారు. ఏ చేయి తమని జైలుకు పంపిందో ఆ ప్రభుత్వం చేతి నుంచే ఇద్దరూ వజ్రాల నక్షత్రం అందుకున్నారు. తొలి పతకం అందుకున్న జూకోవ్‌కూ సుఖం దక్కలేదు. యుద్ధం ముగిసిన ఏడాదికే, 1946లో ఒడెస్సాకు బదిలీ చేసి పక్కన పెట్టారు.

విదేశీయులు ఐదుగురు. అమెరికా సేనాని ఐసెన్‌హోవర్, బ్రిటన్ సేనాని మాంట్‌గొమరీ, పోలండ్ మార్షల్ జిమియెర్‌స్కీ, యుగోస్లావియా టిటో, రుమేనియా రాజు మిహాయ్. సోషలిస్టు రాజ్యం ఒక రాజుకు తన అత్యున్నత సైనిక పతకం ఇవ్వడం వింతగా అనిపించవచ్చు. కానీ 1944 ఆగస్టు 23న, ఇరవై రెండేళ్ల వయసులో, ఆ రాజు తన దేశ నియంత అంతొనెస్కును అరెస్టు చేయించి, హిట్లర్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. సోవియట్ సైన్యానికి బాల్కన్ దారి తెరుచుకుంది. ఆయన ఫ్రంట్ నడపలేదు నిజమే, యుద్ధ పరిస్థితిని తిప్పిన మాట మాత్రం ఎవరూ కాదనలేరు. తర్వాత మూడేళ్లకే, 1947 డిసెంబర్ 30న, కమ్యూనిస్టులు ఆయనతో బలవంతంగా సింహాసనం వదిలించారు. టిటో 1948లో స్టాలిన్‌తో విడిపోయాడు. ఇద్దరి పతకాలనూ మాస్కో వెనక్కి అడగలేదు.

ఇక బ్రెజ్నెవ్. యుద్ధంలో ఆయన రాజకీయ అధికారి, అంటే సైన్యంలో పార్టీ పని చూసేవాడు. 18వ సైన్యంలో రాజకీయ విభాగాన్ని నడిపాడు, మేజర్ జనరల్ అయ్యాడు. యుద్ధభూమిలోనే ఉన్నాడు, ఆ సేవను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఫ్రంట్ కాదు కదా, ఒక చిన్న దళం దాడికైనా ఆజ్ఞ ఇచ్చే హోదా కాదది. అధికారంలోకి వచ్చాక పతకాలు వరదలా వచ్చాయి. 1976లో మార్షల్ అయ్యాడు. 1978 ఫిబ్రవరి 20న, సోవియట్ సైన్యం అరవయ్యో వార్షికోత్సవానికి మూడు రోజుల ముందు, విక్టరీ పతకమూ ఇచ్చారు. దేశ రక్షణకు, శాంతి విధానానికి చేసిన సేవ అని కారణం రాశారు. నిబంధనలో ఆ మాటలెక్కడా లేవు. 1945 సెప్టెంబర్ తర్వాత ముప్పై రెండేళ్లపాటు ఎవరికీ ఇవ్వని పతకం అది. యుద్ధంలో కొడుకుల్ని, భర్తల్ని పోగొట్టుకున్న దేశంలో, రెండు కోట్లకు పైగా మనుషులు చనిపోయాక గుర్తుగా మిగిలిన నక్షత్రాన్ని పండగ కానుకలా పంచుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే 1989 ఉత్తర్వు ఆలస్యమైనా అవసరమే అనుకుంటాను.

ఆ ఉత్తర్వు వచ్చేనాటికి పతకం అందుకున్నవాళ్లలో ఇద్దరే బతికున్నారు. జిమియెర్‌స్కీ నాలుగు వారాల్లోపే, 1989 అక్టోబర్ 15న చనిపోయాడు. రెండో వ్యక్తి స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో ఉన్న మిహాయ్. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పతకం ఇవ్వడం దానితోనే ఆగిపోయింది. రాజు మాత్రం 2017 డిసెంబర్ 5 దాకా, తొంభై ఆరేళ్లు బతికాడు.