వాండా సరస్సు, నన్నారి గ్లాసు

కావలి, రోహిణి కార్తె

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోనులో చిన్ని అడిగింది కదా, "తాతయ్యా, చెరువు పైనంతా ఐసు కట్టేస్తే అడుగున ఇంకెంత చల్లగా ఉంటుందో?" అని. ఇక్కడ ఎండకు రోళ్లు పగులుతున్నాయి, ఐసు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

అంటార్కిటికాలో వాండా అనే సరస్సుంది. పైన మూడు నాలుగు మీటర్ల మందాన ఐసు. అక్కడి గాలి ఏడాది సగటున సున్నాకు 20 డిగ్రీల దాకా కింద. సరస్సు లోతు దాదాపు 70 మీటర్లు. మరి అట్టడుగు నీళ్లు? 25 డిగ్రీలు! మనం జంకకుండా తలమీద కుమ్మరించుకునేంత వెచ్చన.

భూమిలోంచి వేడి వస్తోందేమోనని మొదట కొందరు అనుకున్నారు. అడుగు మట్టిలోకి బెజ్జం వేసి చూస్తే, లోపలికి పోయేకొద్దీ చల్లబడుతోంది. అంటే వేడి పైనుంచే, ఎండ నుంచే వస్తోంది.

అమ్మ నన్నారి ఎలా కలుపుతుంది? ముందు గ్లాసులో పాకం, దానిమీద మెల్లగా నీళ్లు. చెంచా పెట్టేదాకా పాకం అడుగునే ఉంటుంది. వాండా అంతే. సుమారు 1200 ఏళ్ల కింద ఆ సరస్సు ఎండిపోయి చిక్కటి ఉప్పునీళ్లు మిగిలాయి. అదే పాకం. తర్వాత ఓనిక్స్ అనే ఏరు మంచు కరిగిన నీళ్లను దానిమీదికి తెచ్చింది. ఐసు మూతయింది. గాలి అనే చెంచా లోపలికి రాలేదు. ఎండ మాత్రం తేటగా ఉన్న ఐసులోంచి అడుగుదాకా దిగుతుంది. ఎసట్లో అయితే కాగిన నీళ్లు పైకి పొంగుతాయి. ఇక్కడి పాకం సముద్రం కంటే మూడు రెట్లకు మించిన ఉప్పన, బరువు. వేడెక్కినా లేవలేదు. ఎండను పట్టుకుని అక్కడే కూచుంటుంది. నాలుగు నెలలు సూర్యుడే రాని చలికాలంలో కూడా!

ఇది నా పాదాలకు ఎప్పుడో తెలుసు. మా నాయన ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో పనిచేసేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎండాకాలంలో అకాల వాన పడి పండిన ఉప్పంతా కరిగిపోయింది. నాయన గట్టుమీద మాటాపలుకూ లేకుండా కూచున్నాడు. మర్నాడు ఎండ బాగా కాసింది. నిలవ గుంటలోకి దిగాను. పిక్కల దగ్గర వాననీళ్లు చల్లగా తగిలాయి, అరికాళ్ల కింద చుర్రుమంది! ఎగిరి గట్టెక్కాను. "ఉప్పునీళ్లు బరువురా అబ్బయ్యా, వేడిని పైకి రానీవు" అన్నాడు నాయన. బడి మొహం చూడని మనిషి. పనిచేసే చేతుల్ని అడగడానికి మీరెప్పుడూ సిగ్గుపడకండి.

మనవాళ్లూ అంటార్కిటికాలో ఉన్నారు. 1989లో మొదలైన మన మైత్రి కేంద్రం ప్రియదర్శిని సరస్సు ఒడ్డునే ఉంది. ఆ నీళ్లే వాళ్లు వాడుకుంటారు.

సాయంత్రం అమ్మనడిగి నన్నారి పోయించుకోండి. చెంచా వేయొద్దు. గ్లాసును కిటికీ వెలుగుకు ఎదురుగా పెట్టి కళ్లు దగ్గరగా ఆనించండి. పాకానికీ నీళ్లకీ నడుమ సన్నటి పొర వణుకుతూ కనిపిస్తుంది. తాగడానికి తొందరపడకండి, కాసేపు దాన్నే చూడండి.

మీ తాతయ్య