నరకం గురించి శ్రీసభ చెప్పింది కొంత, దర్శనాలు చూపింది కొండంత

1917 జూలై 13. పోర్చుగల్‌లోని ఫాతిమాలో పదేళ్ల లూసియా, తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్కో, ఏడేళ్ల జసింతా ఒక దృశ్యం చూశారు. మరియమాత చేతులు చాపగానే నేల విచ్చుకుని నిప్పుల సముద్రం కనిపించిందని, అందులో ఆత్మలు మండే కణికల్లా తేలుతున్నాయని, దయ్యాలు ఎన్నడూ ఎరుగని వికార జంతువుల్లా ఉన్నాయని లూసియా తర్వాత రాసింది. అంతా క్షణకాలమే. నరకం అనగానే చాలామంది కతోలికుల కళ్లలో మెదిలేది ఇదే.

ఆమె ఆ వివరాలు రాసింది 1941లో. అప్పటికామె కన్యాస్త్రీ, మిగతా ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఫాతిమా దర్శనాలు నమ్మదగినవని అక్కడి పీఠాధిపతి (బిషప్) ప్రకటించింది మాత్రం 1930లోనే. ‘ఫాతిమాను శ్రీసభ (కతోలిక చర్చి) ఒప్పుకుంది, కాబట్టి నరకం అచ్చం అలాగే ఉంటుంది’ అనేవాళ్లు ఈ వరసను పట్టించుకోరు.

అసలు ఒప్పుకోవడం అంటే ఏమిటి? 18వ శతాబ్దంలో ప్రోస్పెరో లాంబెర్తీని (తర్వాత పోపు 14వ బెనెడిక్ట్) పునీత పట్టాల (సెయింట్‌గా ప్రకటించడం) విచారణపై రాసిన గ్రంథంలో దీన్ని తేల్చారు. ఆమోదం పొందిన దర్శనానికైనా ఇవ్వాల్సింది వేదవిశ్వాసం (దేవుడే వెల్లడించిన మాటపై ఉంచే నమ్మకం) కాదు, మానవ విశ్వాసమే. నిజాయితీ గల మనిషి మాటను నమ్మినట్టు నమ్మవచ్చు. తగిన కారణం ఉండి, చులకన చేయకుండా, నమ్మకపోయినా తప్పు లేదు. శ్రీసభ బోధనల అధికారిక సంకలనమైన 1992 నాటి సత్యోపదేశమూ, ఇలాంటి దర్శనాలు విశ్వాస నిధిలో, అంటే కతోలికులంతా నమ్మాల్సిన మూల బోధనలో, భాగం కావనే అంటుంది.

ఆ నిధిలో నరకం గురించి ఉన్నది చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత పొదుపు. దుష్టుల శిక్ష ఎప్పటికైనా ముగుస్తుందన్న, తొలినాటి క్రైస్తవ పండితుడు ఒరిజెన్ పేర ప్రచారంలో ఉన్న భావనను 543లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఖండించారు. ఆ శిక్ష నిత్యమని 1215లో రోములో జరిగిన లాటరన్ మహాసభ చెప్పింది. చావైన పాపంతో (దేవునితో బంధాన్ని తెంచే ఘోర పాపంతో) మరణించినవారు వెంటనే అక్కడికి చేరతారని 1336లో పోపు 12వ బెనెడిక్ట్ శాసించారు. సత్యోపదేశం నిత్యాగ్ని మాట ఎత్తుతుంది గానీ, ప్రధాన శిక్ష దేవునికి శాశ్వతంగా దూరం కావడమేనంటుంది. లోపల ఎందరున్నారన్న లెక్క లేదు. ఫలానా మనిషి అక్కడున్నాడని శ్రీసభ ఎన్నడూ ప్రకటించలేదు.

దర్శనాలు చూసినవారికి ఆ పొదుపు లేదు. నరకం లేదనుకున్నవాళ్లే అక్కడ ఎక్కువమంది ఉన్నారని పోలండ్ కన్యాస్త్రీ ఫౌస్తీనా 1936లో తన డైరీలో రాసింది. ఆమె రాతల ప్రచారాన్ని 1959లో రోము నిషేధించింది. 1978లో ఆ నిషేధం ఎత్తేసింది. నరకం ఒక స్థలం అనేకంటే దేవుణ్ణి కాదనుకున్న స్థితి అనాలని 1999లో చెప్పిన పోపు రెండో జాన్ పాలే మరుసటి ఏడాది ఆమెకు పునీత పట్టం కట్టారు. ఇందులో వైరుధ్యం వెతికేవాళ్లున్నారు; నాకు కనిపించదు. పట్టం మనిషి పవిత్రతకే గానీ, ఆమె డైరీలోని ప్రతి వాక్యానికీ కాదు.

2000లోనే ఫాతిమా మూడో రహస్యాన్ని (ఆ పిల్లలకు తెలిపిన సందేశంలో అప్పటిదాకా దాచిన భాగాన్ని) వెల్లడిస్తూ కార్డినల్ రాట్సింగర్ (తర్వాత పోపు 16వ బెనెడిక్ట్), ఇలాంటి దృశ్యాలు పరలోకపు ఫొటోలు కావని, చూసినవారి శక్తికీ పరిమితులకూ లోబడి ఉంటాయని వివరించారు. 2024 మేలో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం పీఠాధిపతులు ‘ఇది దైవికమే’ అని ఇక సాధారణంగా ప్రకటించరు. దక్కే గరిష్ఠ తీర్పు, అభ్యంతరం లేదన్న మాటే.

ఇంత జాగ్రత్త కాగితాల మీద. జపమాలలో ప్రతి పది మంగళవార్తల తర్వాత నరకాగ్ని నుంచి కాపాడమని యేసును వేడుకునే చిన్న ప్రార్థన మాత్రం ఫాతిమా నుంచి వచ్చిందే. చెప్పి తీరాలన్న నియమం లేదు. అయినా చెప్పనివాళ్లు అరుదు.