బ్రాడీపేట లైన్లలో బండికి చోటు ఎలా కరువైంది?

పోయిన నెల అమ్మకి స్కానింగ్ ఉండి గుంటూరు బ్రాడీపేట తీసుకెళ్లాను. సెంటర్ ముందు మెట్ల దాకా బైకులే. రెండు లైన్లు చుట్టి, మూడోసారి ఒక ప్రహరీ పక్కన ఖాళీ కనపడితే కారు పెట్టాను. అక్కడ గేటు లేదు, బోర్డు లేదు, రోడ్డు మీద గీత కూడా లేదు. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ముందు చక్రానికి తాళం. అడ్డరోడ్డు మలుపుకి మరీ దగ్గరగా పెట్టానట. ఫైన్ కట్టి తాళం తీయించుకునేసరికి గంట పట్టింది. అంతసేపూ అమ్మ రిపోర్టు కవరు నెత్తిన అడ్డం పెట్టుకుని ఎండలో నిలబడింది. ఎదురింటి పెద్దాయన లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసి, "కూర్చో అమ్మా, ఇక్కడ రోజూ ఇదే వరస" అన్నారు.

తప్పు నాదే, కాదనను. కానీ ఆ మాట నాకు కారు పెట్టక ముందే తెలిసే దారి ఏమైనా ఉందా? ఈ ప్రశ్న పట్టుకుని పాత సంగతులు కొన్ని తిరగేశాను.

గుంటూరు మున్సిపాలిటీ 1866లో ఏర్పడింది. ఊరు మొదట పాత గుంటూరు చుట్టూ ఉండేది. తర్వాత రైలు పట్టాలకు ఒక పక్క అరండల్‌పేట, ఇంకో పక్క బ్రాడీపేట పెరిగాయి. బ్రిటిష్ కాలం పేర్లు రెండూ. ఊళ్లో మిగతా పేటల్లా వంకర సందులు కావు ఇవి. నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు, గళ్ల కాగితం మీద గీసినట్టు ఉంటాయి. "4/14" అంటే చాలు, నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో అబ్బాయికి తెలిసిపోతుంది. ప్లీడర్లు, డాక్టర్లు, ఉద్యోగులు, మేష్టర్లు కాపురముండే ఇళ్ల కోసం వేసిన వీధులివి. జట్కా మనిషిని దించి వెళ్లిపోయేది. సైకిలు వరండాలోకి ఎక్కేది. బండి రోజంతా రోడ్డు మీదే నిలబడే అవసరం అప్పుడు ఎవరికీ రాలేదు.

1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చింది. అసలు మార్పు అక్కడ మొదలైందని నా అభిప్రాయం. ప్రభుత్వాసుపత్రి, కళాశాల ఉన్న ఊళ్లో డాక్టర్లు స్థిరపడ్డారు. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో రోగుల్ని చూసేవారు. వరండాలో ఒక బెంచీ, కిటికీ దగ్గర చీటీలు రాసే అబ్బాయి. తర్వాత వెనక గదుల్లో నాలుగు మంచాలు పడి నర్సింగ్ హోమ్ అయింది. ఆ తర్వాత ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపారు, కింద మెడికల్ షాపు, పక్కన ల్యాబ్ వెలిశాయి. ఒక్కో ఇల్లూ ఇలా మారుతూ పోయింది. ఇది ఆసుపత్రుల పేట అవుతుందని ఎవరూ ఒక రోజు కూర్చుని నిర్ణయించలేదు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్‌లు కూడా అదే దారిలో వచ్చాయి.

పల్నాడు నుంచి, ప్రకాశం జిల్లా నుంచి జనం బస్సు దిగి రిక్షాలో వచ్చినన్నాళ్లూ ఈ మార్పు రోడ్డు మీద కనపడలేదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చింది, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. తొంభైల తర్వాత వాయిదాల మీద బండి కొనడం తేలికైంది. ఒకప్పుడు పేషెంటు వెంట ఇద్దరు రిక్షాలో వచ్చేవారు. ఇప్పుడు ఆ ముగ్గురి కోసం ఒక కారు, వెనకాలే చూడ్డానికొచ్చే బంధువుల బైకులు. రాష్ట్ర విభజన తర్వాత అమరావతి రాజధాని అనడంతో గుంటూరులో అద్దెలతో పాటు రద్దీ కూడా పెరిగింది.

ఒక కారు ఆరుబయట నిలవడానికి, తిరగడానికి కలిపి 23 చదరపు మీటర్లు కావాలని మన దేశంలో ప్లాన్లు గీసేవాళ్లు లెక్క వేస్తారు. మన భాషలో ఇరవై ఏడు గజాల పైమాట. బ్రాడీపేటలో గజం ధర తెలిసినవాళ్లకి, సెల్లార్‌లో కార్లు ఎందుకు ఉండవో వేరే చెప్పక్కర్లేదు. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోట చాలా భవనాల్లో ల్యాబో, క్యాంటీనో, స్టోర్ రూమో నడుస్తుంటుంది. కట్టడాల్లో అతిక్రమణలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాన్ని 2007 చివర నుంచి ప్రభుత్వాలు ఒకటికి రెండుసార్లు తెచ్చాయి. అదనంగా కట్టింది చెల్లుబాటైంది, దానికొచ్చే బండ్లకు మాత్రం చోటు పుట్టలేదు. ఆ బండ్లన్నీ లైన్లోకొచ్చాయి. కాబట్టి డ్రైవర్ల కంటే ముందు అడగాల్సింది భవనాల వాళ్లనే.

ఇక రూల్స్. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని, లేదా పది గంటలకు మించి రోడ్డు మీద వదిలేసిన బండిని, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీసుకెళ్లమనొచ్చు, చక్రానికి తాళం వేయించొచ్చు. వేరే శిక్ష చెప్పని ఉల్లంఘనలకు 177వ సెక్షన్ కింద వంద రూపాయలుండే జరిమానా 2019 సవరణతో అయిదొందలైంది. ఫుట్‌పాత్ మీద, బస్టాప్ దగ్గర, బడి, ఆసుపత్రి గేటు ముందు బండి పెట్టకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనల్లోనూ అదే ఉంది. ఇవి బోర్డు లేకపోయినా వర్తిస్తాయి. ఆసుపత్రి గేటు ముందు పెట్టకూడదన్న రూలును, రెండు మూడు గేట్లకొక ఆసుపత్రి ఉన్న లైన్లో ఊహించుకోండి.

చట్టంలో ఇంకో సగం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బండ్లు ఎక్కడ నిలపవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ ప్రభుత్వానికి ఇస్తోంది. ఎక్కడ పెట్టకూడదో చెప్పడానికి తాళం ఉంది. ఎక్కడ పెట్టొచ్చో చెప్పే గీత మాత్రం నేను తిరిగిన లైన్లలో ఒక్కటీ కనపడలేదు.

ఆ ఖాళీని జనమే పూరించుకుంటున్నారు. గేటుకి వైరుతో కట్టిన "నో పార్కింగ్" రేకు, రోడ్డు మీద పాత టైరు, సిమెంటు పోసి కర్ర గుచ్చిన పెయింటు డబ్బా. గేటుకి అడ్డంగా బండి పెట్టడం ఎలాగూ తప్పే. గేటు అవతల పది అడుగుల రోడ్డుని టైరుతో ఆపే హక్కు మాత్రం ఇంటివాళ్లకు లేదు. అయినా అలా ఆపే ఇంటివాళ్ల మీద నాకు కోపం రాలేదు. రాత్రిపూట అంబులెన్స్ పిలిస్తే తన గేటు దాకా వస్తుందో రాదోనని, అమ్మకి కుర్చీ వేసిన ఆ పెద్దాయన లాంటి వాళ్ల టెన్షన్. 2025లో ఈ రెండు పేటల్నీ కలిపే, శంకర్ విలాస్ దగ్గరి పాత రైలు వంతెన తీసేసి కొత్తది కట్టే పని మొదలయ్యాక, దారి మళ్లిన బండ్లు కూడా ఈ లైన్లలో తిరుగుతున్నాయి.

ఈ వారం సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు ఇచ్చాను. అడిగినవి రెండే. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో బండి పెట్టుకోవచ్చని అధికారికంగా నిర్ణయించిన చోట్లు ఏవి? ఈ రెండు పేటల ఆసుపత్రుల ప్లాన్లలో పార్కింగ్‌కని చూపిన సెల్లార్లను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? ముప్పై రోజుల్లో జవాబు రావాలి.