వంతెన ఉంది, నది ఏది?

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరానికి వెళ్లినవాళ్లు సీ-ఓ-సే-పోల్ దగ్గర ఫోటో దిగకుండా రారు. పేరుకు అర్థం 33 కమానుల వంతెన. ఇరాన్ రాజు షా అబ్బాస్ సేనాని అల్లావెర్దీ ఖాన్ దీన్ని 1602 నాటికి పూర్తిచేయించాడు. కొన్నేళ్లుగా మాత్రం ఏడాదిలో చాలా నెలలు దాని కింద నెర్రెలిచ్చిన మట్టే కనిపిస్తోంది. ఒడ్డున హంస ఆకారపు పడవలు ఎండకు వెలిసిపోతుంటాయి. ఎగువ నుంచి నీళ్లు వదిలారని తెలిస్తే చాలు, ఊరు ఊరంతా తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేస్తుంది.

ఆ వంతెన కింది నది జాయందే రూద్. అది జాగ్రోస్ కొండల్లో పుట్టి, సుమారు 400 కిలోమీటర్లు పారి, గావ్‌ఖూనీ అనే ఉప్పు చిత్తడిలో ఇంకిపోతుంది. సముద్రం ముఖమే చూడని నది. 1598లో షా అబ్బాస్ రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చి, నఖ్షే జహాన్ మైదానం కట్టించాడు. (హైదరాబాద్‌ను 'కొత్త ఇస్ఫహాన్' అనుకునే మనకు ఒక చిన్న చిక్కు: మీర్ మోమిన్ గీసిన మన నగరానికి 1591లోనే, అంటే ఇస్ఫహాన్ ఆయన రాజధాని కాకముందే, పునాది పడింది.)

ఇంత చిన్న నది అంత నగరాన్ని, చుట్టుపక్కల పొలాలను ఎలా పోషించింది? పంపకం వల్ల. నీటిని 33 వాటాలు చేసి, ఏ ప్రాంతానికి ఎంతో రాసిన పాత పత్రం ఒకటి ఉండేది. దాన్ని షా అబ్బాస్ కాలపు పండితుడు షేక్ బహాయీ రాశాడని జనం చెబుతారు, పండితులు సందేహిస్తారు. రాసింది ఎవరైనా, రైతులు మాత్రం వాటాను ఆస్తిగానే చూశారు.

నీళ్లు చాలవన్న బెంగ షా అబ్బాస్‌కూ ఉంది. కొండకు అవతల ఉన్న కూహ్‌రంగ్ నది నీళ్లను ఇటు మళ్లించాలని కొండనే తవ్వించాడు, కుదరలేదు. ఆ పని 1953లో సొరంగంతో తీరింది. 1970లో పెద్ద ఆనకట్ట వచ్చింది, పాత పత్రం చెల్లని కాగితమైంది. ఆపై ఉక్కు కర్మాగారాలు, ఎగువన కొత్త తోటలు, ఎడారి నగరం యజ్ద్‌కు గొట్టపు మార్గం. వచ్చే నీటి కన్నా ఇచ్చిన మాటలు ఎక్కువయ్యాయి. తప్పంతా వానలదే అనడం సగం నిజమే.

తూర్పు ఇస్ఫహాన్ రైతులు యజ్ద్ గొట్టాన్ని పగలగొట్టిన సందర్భాలున్నాయి. 2021 నవంబరులో వాళ్లు నగరంలోని మరో పాత వంతెన ఖాజూ దగ్గర ఎండిన నదిలోనే గుడారాలు వేసుకుని కూర్చున్నారు. నగరవాసులు వేల మంది వచ్చి వాళ్లతో కలిశారు. నెలాఖరులో పోలీసులు అక్కడి వాళ్లను చెదరగొట్టారు. ఆ ఖాజూ కింది మెట్ల మీదే సాయంత్రాలు మగవాళ్లు పాతపాటలు పాడతారు. కమాను గొంతును ఎత్తి ఇస్తుంది. వంతెన పై వరస చూసి వెళ్లిపోయే యాత్రికులు ఆ కింది వరసను పోగొట్టుకుంటారు.

వీలైతే తూర్పున వర్జనే పట్టణం దాకా వెళ్లాలి. ఇసుక తిన్నెలు, తెల్లటి చాదర్లు కప్పుకున్న స్త్రీలు, ఆ తర్వాత గావ్‌ఖూనీ. చిత్తడి నేలల రక్షణకు ఇరాన్ పట్టణమైన రామ్‌సర్‌లోనే 1971లో ఒప్పందం కుదిరింది. 1975లో గావ్‌ఖూనీ ఆ జాబితాకెక్కింది. ఇప్పుడు అక్కడ చాలా మేర ఉప్పు పెచ్చులే. వర్జనేలోనూ ఒక పాత వంతెన ఉంది. దాని కిందకు నీళ్లు చేరడం నగరంలోకన్నా అరుదు.