గ్రేటర్ వరంగల్‌లో మీ ఓటు ఏ డివిజన్‌లో ఉంది?

బల్దియా, అంటే గ్రేటర్ వరంగల్ మునిసిపల్ కార్పొరేషన్, ఎన్నికల ముచ్చట మొదలైతే చాలు, హన్మకొండ, కాజీపేట, వరంగల్ గల్లీల్లో ఒకటే ప్రశ్న: "కార్పొరేషన్ ఓటు కోసం మళ్లీ పేరు రాయించుకోవాలా?" అక్కర్లేదు. బల్దియాకు విడిగా ఓటరు నమోదు లేదు. ఎమ్మెల్యే ఎన్నికకు తయారైన జాబితానే తీసుకుని, ఒక్కో కార్పొరేటర్‌ను ఎన్నుకునే డివిజన్ల వారీగా విడదీస్తారు. అందులో పేరుంటే ఇక్కడా ఓటు ఉన్నట్టే, లేకుంటే ఇక్కడా లేనట్టే. చిక్కంతా ఆ విడదీయడంలోనే వస్తుంది. అది ఎందుకు వస్తుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నిజాం కాలంలో, 1899లోనే వరంగల్ మునిసిపాలిటీ అయింది. కార్పొరేషన్ హోదా మాత్రం 1994లో వచ్చింది. దానికి ముందు ఏడు, 1993 జూన్ 1న, రాజ్యాంగానికి చేసిన 74వ సవరణ అమల్లోకి వచ్చింది. పట్టణ పాలకవర్గం గడువు ఐదేళ్లే, అది ముగిసేలోపు ఎన్నిక జరగాలి అని 243యూ అధికరణం చెప్పింది. ఓటర్ల జాబితా తయారీ, ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. ఇది ఢిల్లీలో ఉండే ఎన్నికల సంఘం కాదు, వేరే సంస్థ. పునాదిగా ఉండే అసెంబ్లీ జాబితా ఒకరిది, దాని మీద ఎన్నిక జరిపేది ఇంకొకరు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ఓటరు తిరగాల్సి రావడానికి సగం కారణం ఇదే.

రాజ్యాంగం ఐదేళ్లన్నా వరంగల్‌లో అది జరగలేదు. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో తీరింది. మళ్లీ జనం ఓటేసింది 2016 మార్చి 6న. మధ్యలో అంతా అధికారుల పాలనే. 2014లో పక్కనున్న కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ కార్పొరేషన్లకు ఎన్నికలైనా వరంగల్‌కు కాలేదు. అప్పటికి చుట్టూ ఉన్న 42 గ్రామాలను నగరంలో కలిపారు. హసన్‌పర్తి, మడికొండ, మామునూరు, భీమారం, పైడిపల్లి లాంటివన్నీ అలా వచ్చినవే. 2013 జులైలో రాష్ట్రమంతా సర్పంచులను ఎన్నుకుంటుంటే ఈ ఊళ్లకు ఆ ఓటు లేకుండా పోయింది. కార్పొరేటర్ ఓటు వచ్చేసరికి 2016 అయింది. మోరీ నిండినా, వీధి దీపం ఆరినా అడగడానికి తామే గెలిపించిన మనిషి ఒక్కరూ లేకుండా ఆ ఊళ్లు ఏళ్లు గడిపాయి. ఓటు హక్కు గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఆ ఖాళీ ఏళ్లకు ఎవరూ జవాబు చెప్పలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

2015 జనవరిలో గ్రేటర్ హోదా వచ్చింది. 2016 ఎన్నికలు 58 డివిజన్లతో జరిగాయి. 2021కి వచ్చేసరికి వాటిని 66 చేశారు. హద్దులు జరిగితే నంబర్లు మారతాయి, నంబర్లు మారితే పాత అలవాటు మీద వెళ్లినవాళ్లు పాత బూత్ దగ్గరే నిలబడతారు. దీనికి తోడు జిల్లాల విభజన. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ, రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయ్యాయి. నగరం రెండు జిల్లాల్లో పడింది. నియోజకవర్గాలు చూస్తే వరంగల్ తూర్పు, పశ్చిమతో పాటు వర్ధన్నపేట, పరకాలలోని కొన్ని ప్రాంతాలు కూడా బల్దియా కిందికే వస్తాయి. ఇన్ని జాబితాల నుంచి ముక్కలు తెచ్చి 66 డివిజన్లకు సర్దాలి. ఈ సర్దుబాటుకు ఆధారం ఇంటి నంబరు. విలీన గ్రామంలో జాబితా మీద పాత పంచాయతీ నంబరే మిగిలి, గోడ మీద కొత్త నంబరు ఉంటే, ఆ ఓటు పక్క డివిజన్‌లోకి జారిపోవడం ఎంతసేపు? ఒకే ఇంట్లో తండ్రి ఓటు ఒకచోట, కొడుకు ఓటు ఇంకోచోట పడడం ఇలాగే జరుగుతుంది.

అందుకే ఎన్నికలకు ముందు డివిజన్ల వారీగా ముసాయిదా జాబితా పెట్టినప్పుడు చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. పేరు ఉండి డివిజన్ తప్పుగా పడితే బల్దియా కమిషనర్‌కు రాసివ్వాలి. అసలు పేరే లేకపోతే ఇలా రాసిస్తే సరిపోదు, అసెంబ్లీ జాబితాలో చేరాలి. దానికి ఫారం 6. బూత్ లెవెల్ అధికారికి ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. అనుమానముంటే 1950 నంబరుకు ఫోన్ చేయొచ్చు. నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెట్టే బదులు ముందే చేసుకుంటే టెన్షన్ ఉండదు.

18 ఏళ్ల పిల్లలకు ఈ మధ్య ఒక మేలు జరిగింది. ఇంతకుముందు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడు ఓటు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల ఒకటో తేదీల్లో ఏ తేదీకి నిండినా సరిపోతుంది. 17 దాటినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చదువుకో, కొలువుకో వచ్చి హన్మకొండలో కిరాయికి ఉంటున్నవాళ్ల సంగతి వేరు. ఊళ్లో ఓటు అట్లాగే ఉంచుకుని ఇక్కడ ఇంకోటి తీసుకుందామనుకుంటారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం అది కుదరదు. ఫారం 8తో ఓటును ఇక్కడికి మార్చుకోవాలి, అక్కడిది పోతుంది. ఊళ్లో సర్పంచ్ ఓటు వదులుకోవడానికి మనసొప్పని వాళ్లుంటారు, అది వాళ్ల ఇష్టం. కానీ రోజూ తాగే నీళ్లు, నడిచే రోడ్డు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకుని తేల్చుకుంటే మంచిది.

గత ఎన్నిక 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో అల ఊపు మీద ఉన్నప్పుడు జరిగింది. భయంతో గడప దాటనివాళ్లు ఎందరో. అప్పుడు వాడింది బ్యాలెట్ పేపరే. మిషన్‌కు అలవాటుపడిన చేతులకు ఇది కొంచెం కొత్త. స్వస్తిక్ ముద్రను ఒకే గుర్తు మీద, గీత దాటకుండా వేసి, కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా మొదలుపెడితే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. ఓటరు స్లిప్పు ఒక్కటే చాలదు, గుర్తింపు కార్డు కూడా పట్టుకెళ్లాలి. ఆ కాగితం మీద ఉండేది కార్పొరేటర్ అభ్యర్థులే. మేయర్‌ను తర్వాత కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఉండే ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిసి ఎన్నుకుంటారు.