ఆన్‌లైన్ బోధన వనరులు: టీచర్లలో పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: పాఠం పేరు కొట్టి వెతికితే కావాల్సింది దొరుకుతుంది

పాఠం పేరుతో వెతికితే పాఠం గురించిన సమాచారం దొరుకుతుంది, పీరియడ్‌లో వాడుకునే సరుకు కాదు. "భిన్నాలు" అని కొట్టి చూడండి. నిర్వచనాలు, పోటీ పరీక్షల బిట్లు, గంటసేపు సాగే వీడియోలు వరస కడతాయి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, అడిగిన మాటను బట్టే దొరికేది ఉంటుంది. పిల్లలు ఏం చేయగలగాలి, ఏ తరగతి, మనకు ఏ రూపంలో కావాలి: ఈ మూడూ సెర్చ్‌లో పడాలి. "వేర్వేరు హారాలున్న భిన్నాల కూడిక ఐదో తరగతి వర్క్‌షీట్" అని కొడితే జల్లెడ పట్టే పని సగం తగ్గుతుంది.

ఇంతకన్నా పదునైన దారి, పిల్లలు చేసే తప్పుతోనే వెతకడం. 1/2కి 1/3 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/5 అని రాసేవాళ్లు ఏ తరగతిలోనైనా ఉంటారు. "భిన్నాల కూడికలో పిల్లలు చేసే తప్పులు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వెతికితే, ఆ తప్పును లక్ష్యంగా పెట్టుకుని తయారుచేసిన పనులు బయటపడతాయి. 2/5 అనేది సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని పిల్లల చేతే అడిగించే రకం పనులవి. పది కూడికలిచ్చి చేయమనే కాగితం కన్నా ఇలాంటి ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

గూగుల్‌లో నాలుగు చిట్కాలు చేతిలో ఉంటే చాలు. రెండు మూడు పదాలు అదే వరసలో కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. అక్కర్లేని పదం ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే అది ఉన్న పేజీలు పోతాయి. ఫైల్‌టైప్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, వెంటనే కోలన్, ఆ పక్కనే పీడీఎఫ్ అని కొడితే పీడీఎఫ్‌లే వస్తాయి. అలాగే సైట్, కోలన్, ఆపైన వెబ్‌సైట్ చిరునామా ఇస్తే ఆ ఒక్క సైట్ లోపలే వెతుకుతుంది. కోలన్‌కు ముందు గానీ వెనక గానీ స్పేస్ పడితే మాత్రం ఈ ఆదేశం పనిచేయదు. చాలామంది "ఇది మాకు రావట్లేదు" అనేది అక్కడే.

అపోహ: తెలుగులో ఏమీ లేదు

తక్కువే, కాదనలేం. కానీ లేదనుకునే దానిలో చాలా భాగం వెతుకులాటకు అందనిది. భిన్నాలు అని రాసేవారున్నారు, భిన్నములు అని రాసేవారున్నారు. వర్క్‌షీట్ ఒక మాటగానూ, విడగొట్టి రెండు మాటలుగానూ కనబడుతుంది, అభ్యాస పత్రం అనే పేరుతోనూ ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియతో రానిది ఫొటోసింథసిస్ అని తెలుగు లిపిలో కొడితే వస్తుంది. కనీసం మూడు రకాలుగా వెతక్కుండా లేదని తేల్చకండి.

ఇంకో చిక్కు ఫాంటుది. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు అను లాంటి ఫాంట్లలో టైపు చేసినవి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో లేనివి. తెర మీద చక్కటి తెలుగే కనబడుతుంది, కంప్యూటర్ లెక్కలో మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కిచిడీ. అందుకే సెర్చ్‌కు దొరకవు. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే సంగతి వెంటనే తెలిసిపోతుంది. అలాంటి ఫైల్‌నూ, స్కాన్ చేసిన పేజీలనూ గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, రైట్ క్లిక్ చేసి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. స్కాన్ పేజీల నుంచి తెలుగు టెక్స్ట్ వస్తుంది. ఒత్తులు, పట్టికలు, గణిత గుర్తులు తప్పకుండా చెడతాయి కాబట్టి మూలం పక్కన పెట్టుకుని దిద్దుకోవాలి. పాత ఫాంట్ ఫైల్ నేరుగా తెరిస్తే మళ్లీ అదే కిచిడీ వస్తే, పేజీలను బొమ్మలుగా మార్చి ఎక్కించండి.

అపోహ: సైట్ పద్ధతిగా ఉంది, చిరునామా చివర ఓఆర్‌జీ అని ఉంది, ఇక నమ్మొచ్చు

ఓఆర్‌జీ చిరునామా ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. అందమైన డిజైనూ అంతే. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీకి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ దీని మీదే ఒక అధ్యయనం చేశారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో గమనించారు. చరిత్రకారులు, విద్యార్థులు సైట్ లోపలే ఉండి పై నుంచి కిందకు చదువుతూ లోగోలకూ చిరునామాలకూ మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు కాసేపటికే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన తీర్పుకు వచ్చిందీ వాళ్లే. టీచర్లకు ఇందులో ఉన్న కిటుకు ఒక్కటే: "మా గురించి" పేజీ చదవడం మానేసి, సైట్ పేరును మరో ట్యాబ్‌లో వెతకడం.

ఆపైన, వనరులో ఎక్కడ తప్పు దొర్లే అవకాశం ఎక్కువో నేరుగా అక్కడికే వెళ్లాలి. రుతువుల బొమ్మ తీసుకోండి. సూర్యుడి చుట్టూ భూమి కక్ష్యను బాగా సాగదీసిన కోడిగుడ్డులా వేసిన బొమ్మలు వేలకొద్దీ ఉన్నాయి. అది చూసిన పిల్లవాడు "భూమి దగ్గరకొస్తే ఎండాకాలం" అని తీర్మానిస్తాడు, అందులో వాడి తప్పేమీ లేదు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జూలై మొదట్లో, సుమారు 15.2 కోట్లు. తేడా మూడు శాతం పైచిలుకు మాత్రమే, కాగితం మీద గీస్తే కక్ష్య వృత్తంలాగే కనబడాలి. రుతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం. బొమ్మలో ఆ వంపు నాలుగు స్థానాల్లోనూ ఒకే దిక్కుకు ఉందా? లేకపోతే ఆ బొమ్మ ఎంత రంగులమయమైనా వదిలేయండి.

టీచర్ల శిక్షణ స్లైడ్లకూ ఇదే జాగ్రత్త అవసరం. "చదివింది 10 శాతం, విన్నది 20 శాతం గుర్తుంటుంది" అంటూ ఎడ్గర్ డేల్ పేరు మీద ఒక పిరమిడ్ తిరుగుతుంటుంది. దానికి మూలమైన, డేల్ 1946లో ఇచ్చిన శంకువు బొమ్మలో అసలు అంకెలే లేవు, తర్వాత ఎవరో తగిలించారు. "చూసి నేర్చేవాళ్లకు", "విని నేర్చేవాళ్లకు" అని విడదీసి ఇచ్చే వర్క్‌షీట్లదీ అదే కథ. ఆ పద్ధతిలో విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం సమీక్షించి చెప్పింది.

అపోహ: వీడియో వేస్తే, యానిమేషన్ చూపిస్తే అర్థమైపోతుంది

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణ సెషన్లను పరిశీలించిన 2014 అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా జనం సాధారణంగా చూసింది మహా అయితే ఆరు నిమిషాలు. అది సొంతంగా ఆన్‌లైన్‌లో చదువుకునేవాళ్ల సంగతి, తరగతి గది లెక్క అచ్చంగా అదే కాదు. అయినా పన్నెండు నిమిషాల వీడియోలో మనకు కావాల్సింది రెండు నిమిషాలే అన్నది ఎవరైనా గమనించే విషయమే. ఆ రెండు నిమిషాలు ఎక్కడ మొదలవుతాయో రాసిపెట్టుకోండి. యూట్యూబ్ షేర్ పెట్టెలో ఆ సమయం దగ్గర టిక్ పెడితే లింకు అక్కడి నుంచే తెరుచుకుంటుంది. ఆటోప్లే ఆపండి, లేకపోతే మీ పాఠం అయిన మరుక్షణం సినిమా పాట మొదలవుతుంది.

సిమ్యులేషన్, అంటే తెర మీద మనమే మార్చి నడిపి చూసే ప్రయోగం, వీడియో కన్నా మేలే, అయితే పిల్లలు ముందుగా ఊహ చెప్పిన తర్వాత నడిపితేనే. కొలరాడో యూనివర్సిటీ వారి ఫెట్ సిమ్యులేషన్లు ఇందుకు నిలకడైనవి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. దాని విద్యుత్ వలయాల కిట్‌నే చూద్దాం. ఒక బ్యాటరీ, ఒక బల్బు, తీగలు కలపండి. రెండో బల్బును శ్రేణిలో చేర్చే ముందు ఆగి, వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, మొదటి బల్బుకే ఎక్కువ అందుతుందా అని అడిగి, జవాబు నోటుబుక్‌లో రాయించండి. ఆ తర్వాతే నడపండి. ఇక్కడొక గుంట ఉంది: విద్యుత్ ప్రవాహాన్ని ఎలక్ట్రాన్లుగానూ, సంప్రదాయ దిశలో బాణాలుగానూ చూపే రెండు ఎంపికలు అందులో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో బాణం ధన ధ్రువం నుంచి రుణ ధ్రువానికి పోతుంటే, తెర మీద చుక్కలు ఎదురు దిశలో పాకుతుంటాయి. ముందే చూసి మార్చుకోకపోతే పీరియడ్ అంతా ఆ ప్రశ్నకే పోతుంది.

అపోహ: నెట్‌లో ఉచితంగా ఉంది కాబట్టి ఎలాగైనా వాడుకోవచ్చు, పిల్లల కోసమేగా

ఉచితంగా చూడగలగడం వేరు, కాపీ చేసి పంచగలగడం వేరు. తరగతి గదికి మినహాయింపులు చాలా దేశాల చట్టాల్లో ఉన్నాయి, కానీ గదిలో చూపించడానికి వర్తించేది అందరికీ కనబడేలా అప్‌లోడ్ చేయడానికి వర్తించకపోవచ్చు. ఈ తలనొప్పి లేకుండా చేసేవే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. మొదటి విడత 2002లో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఆరు.

వాటిలో కనబడే ముక్కలు నాలుగు. బీవై అంటే కర్త పేరు చెప్పాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎస్ఏ ఉంటే మీరు మార్చి చేసినదాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని ఇతరులకు పంచకూడదు. తెలుగు టీచర్లు ఎక్కువగా తడబడేది ఈ చివరి దాని దగ్గరే, ఎందుకంటే అనువాదం కూడా మార్పు కిందే లెక్క. ఎన్‌డీ ఉన్న వర్క్‌షీట్‌ను తెలుగు చేసి గ్రూపులో పెట్టడానికి అనుమతి లేదు. అనువదించే ఉద్దేశం ఉంటే వెతికేటప్పుడే బీవై, బీవై ఎస్ఏ ఉన్నవి ఎంచుకోండి. గూగుల్ బొమ్మల వెతుకులాటలో టూల్స్ కింద వాడుక హక్కులను బట్టి వడపోసే వీలుంది, అయినా బొమ్మ ఉన్న అసలు పేజీకి వెళ్లి లైసెన్సు కళ్లారా చూడాలి. వికీమీడియా కామన్స్‌లో అది ప్రతి ఫైల్ కిందే రాసి ఉంటుంది. వాడుకున్నాక నాలుగు ముక్కలు రాయండి: శీర్షిక, కర్త, ఎక్కడిది, ఏ లైసెన్సు.

అపోహ: నెట్ సరిగ్గా లేని బడికి ఇవేవీ పనికిరావు

ఫెట్‌లో హెచ్‌టీఎంఎల్5 అని ఉన్నవి ఒక్కొక్క ఫైల్‌గా దిగుతాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ బ్రౌజర్‌లోనైనా తెరవొచ్చు. కివిక్స్ అనే యాప్‌తో వికీపీడియా మొత్తం, తెలుగుది సహా, ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కొలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ అయితే ఒక కంప్యూటర్‌లో పాఠాలు నింపి, ఇంటర్నెట్ లేకుండా వైఫై రూటర్ ద్వారా మిగతా పరికరాలకు అందించేస్తుంది. ఖాన్ అకాడమీ వీడియోలూ అందులోకి దిగుతాయి.

అపోహ: డౌన్‌లోడ్ అయింది కాబట్టి ప్రింటు కొట్టడమే తరువాయి

కొలతల వర్క్‌షీట్లు ఇక్కడే పాడవుతాయి. అమెరికాలో తయారైనవి లెటర్ సైజులో ఉంటాయి, 215.9 × 279.4 మిల్లీమీటర్లు. ఏ4 కాగితం 210 × 297. ప్రింటర్‌లో "పేజీకి సరిపెట్టు" అని ఉంటే బొమ్మ సుమారు 97 శాతానికి కుంచించుకుపోతుంది, 10 సెంటీమీటర్ల గీత 9.7 అవుతుంది. స్కేలు పెట్టి సరిగ్గా కొలిచిన పిల్లవాడికి ఆన్సర్ కీ తప్పు వేస్తుంది. "అసలు సైజు" లేదా 100 శాతం అని పెట్టి, ఒక కాపీ తీసి మీరు కొలవండి. కోణాల వర్క్‌షీట్లకు ఈ బెడద లేదు, కుదించినా కోణం మారదు.

అంగుళాలు, పౌండ్లు, ఫారన్‌హీట్ ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. గూగుల్ డాక్స్ లింకు చూడ్డానికే అనుమతి ఇచ్చి ఉంటే, చిరునామా చివర ఉన్న ఎడిట్ అనే మాట నుంచి అంతా తీసేసి కాపీ అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ కొట్టండి. కర్త కాపీని నిషేధించకపోతే మీ డ్రైవ్‌లోకి మార్చుకోదగిన ప్రతి వస్తుంది. అనుమతి కోసం మెయిల్ పెట్టి కూర్చోనక్కర్లేదు.

అపోహ: ఏఐని అడిగితే వెతికే పనే ఉండదు

చిత్తుప్రతికి బాగుంటుంది. లేని పేజీలకు లింకులు ఇస్తుంది, ఆన్సర్ కీలో తప్పులు ధీమాగా రాస్తుంది. ప్రతి లెక్కా చేసి చూడాలి, ప్రతి లింకూ తెరవాలి. అసలు ఉపయోగం మరోచోట ఉంది: బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబులను పిల్లల అపోహల నుంచి తీసుకోమని అడగడం. పైన చెప్పిన 2/5 లాంటిది ఒక ఎంపికగా ఉంటే, ఎవరు ఏ కారణంతో తప్పారో పేపరు దిద్దేటప్పుడే తెలుస్తుంది. పిల్లల పేర్లు, మార్కులు మాత్రం అందులో పెట్టకండి.

అపోహ: బుక్‌మార్క్ చేశాం, ఎప్పుడైనా తీసుకోవచ్చు

బ్రౌజర్‌లో యానిమేషన్లు నడిపే అడోబ్ ఫ్లాష్‌కు 2020 డిసెంబర్ 31న మద్దతు ఆగిపోయినప్పుడు బోధన యానిమేషన్లు కుప్పలుగా మూలపడ్డాయి. పాత ఫ్లాష్ ఫైళ్లను నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ ఉండబట్టి కొన్నయినా మళ్లీ కదులుతున్నాయి. లింకులు చెడడం మామూలే. అనుమతి ఉన్నవి డౌన్‌లోడ్ చేసుకోండి, పేజీలనైతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్ నౌ" పెట్టెలో చిరునామా వేసి భద్రపరచండి. చెడిపోయిన పాత లింకునూ ముందు అక్కడే వెతకాలి.

దాచుకోవడానికి యాప్‌లు అక్కర్లేదు, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. తరగతి, పాఠం, పిల్లలు చేయాల్సిన పని, లింకు, లైసెన్సు, పట్టిన నిమిషాలు, వాడాక ఏం జరిగిందో ఒక ముక్క. ఆ చివరి గడి పీరియడ్ అయిన రోజే నింపాలి: "మూడో ప్రశ్న కీ తప్పు", "చివరి బెంచీకి అక్షరాలు కనబడలేదు, 24 పాయింట్లు పెట్టాలి".