బాదం నూనె చర్మానికి చేసే మేలు ఏపాటిది?

బాదం నూనె చర్మానికి పోషణ ఇస్తుందని సీసాల మీద రాసి ఉంటుంది గాని, నిజానికి అది చేసే పని అంతకంటే సాదాసీదాది. మృతకణాలూ వాటి సందుల్లోని కొవ్వులూ కలిసిన చర్మపు పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. లోపలి తేమ ఈ పొర గుండా నిరంతరం ఆవిరవుతూనే ఉంటుంది. తేమ తగ్గినప్పుడు పై కణాల అంచులు లేస్తాయి. అందుకే పొడిబారిన కాలిమీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది. నూనె ఆ సందులను పూడ్చి నునుపు తెస్తుంది, ఆవిరయ్యే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అందులో నీరు లేదు కనుక కొత్తగా తేమను ఇవ్వలేదు, ఉన్నదాన్ని నిలపగలదు. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరకముందే రాసుకోవడంలోని కిటుకు ఇదే. ఈ పనిలో పెట్రోలియం జెల్లీ దీనికంటే మెరుగు, కాకపోతే జిడ్డు ఎక్కువ.

ఈ నూనెలో అధిక భాగం ఓలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం, సుమారు 60 నుంచి 70 శాతం. మిగిలినదాంట్లో ఎక్కువ లినోలిక్ ఆమ్లం. లినోలిక్ ఆమ్లం పైపొర కట్టుబడికి అవసరమైనది కాగా, ఓలిక్ ఆమ్లం ఆ పొరలోని కొవ్వుల అమరికను సడలించగలదు. అందువల్ల తామర (ఎగ్జిమా) ఉన్నవారికీ పసిపిల్లలకూ రోజూ పట్టించే ముందు వైద్యుని అడగడం మంచిది.

మర్దనకు మాత్రం ఇది చక్కగా కుదురుతుంది. త్వరగా ఇంకిపోదు, ఘాటైన వాసన ఉండదు, చేతికీ చర్మానికీ మధ్య రాపిడి తగ్గి కండరం మీద ఒత్తిడి సమంగా పడుతుంది. అయితే ఫలితంలో నూనె వాటా ఎంత, చేతి వాటా ఎంత? 2012లో ప్రచురితమైన ఒక టర్కీ అధ్యయనంలో, తొలిచూలు గర్భిణులు చేదు బాదం నూనెతో మర్దన చేసుకున్నప్పుడు చర్మం సాగడం వల్ల పడే చారలు 20 శాతం మందిలో కనిపించగా, మర్దన లేకుండా ఊరికే రాసుకున్నవారిలో 38.8 శాతం, ఏమీ వాడనివారిలో 41.2 శాతం మందిలో కనిపించాయి. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేము గాని, నూనె ఒక్కటే చేసినది స్వల్పమేనని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

చేదు బాదంలోని అమిగ్డలిన్ అనే పదార్థం నీటితో కలిసి విచ్ఛిన్నమైతే విషపూరితమైన హైడ్రోజన్ సయనైడ్‌తో పాటు బెంజాల్డిహైడ్ కూడా వెలువడుతుంది. మనం బాదం పరిమళమనుకునేది ఈ బెంజాల్డిహైడ్ వాసనే. మామూలుగా ఒంటికి రాసుకునే తియ్య బాదం నూనెకు వాసన చాలా తక్కువ కనుక, సీసా మూత తీయగానే గుప్పుమంటే అందులో సుగంధం కలిపారనే అర్థం. పాత రంగుడబ్బా వాసన వస్తే నూనె మక్కిపోయినట్లే. బాదం పడనివారు దీని జోలికి పోకూడదు. తక్కినవారు మొదట మోచేతి లోపలివైపు కాస్త రాసి, ఒక రోజు ఆగి చూసుకుంటే చాలు.